వ్యాసమునకు అంశము ఎక్కడ దొరుకును?
(యౌవనస్థుల పాఠము)

వాక్యభాగములు: యోబు 28:1–12, లూకా 1:1–4, సామెతలు 18:17

ఎవరి కొరకు: పన్నెండవ తరగతి, డిగ్రీ చదువుతున్న యౌవనస్థుల కొరకు, వారి తలిదండ్రుల కొరకు



ఈ సంవత్సరము మా సంఘములో ఇద్దరు పిల్లలు ఒకే వారములో ఒకే మనవితో మా ఇంటికి వచ్చారు. "తాతా, యూనివర్సిటీకి అప్లికేషను వేస్తున్నాము. దానితో ఒక వ్యాసము పంపాలంట. మీరు ట్రైనింగు చదివినారు కదా, ఒకటి వ్రాసి ఇవ్వండి" అన్నారు. నేను వ్రాసి ఇవ్వలేదు. కూర్చోబెట్టి, ఎట్లు వ్రాయవలెనో చెప్పాను. ఆ చెప్పినదే ఈ పాఠము. కోలారు బంగారు గనులలో ఉన్నవారికే గాక, బెంగుళూరు, చెన్నై, ముంబయి పట్టణములలోను, విదేశములలోను స్థిరపడిన మన తెలుగు బాప్తిస్టు కుటుంబములన్నిటికి ఇది పనికివచ్చునని తలంచి పంపుతున్నాను.

వ్రాసి ఎందుకు ఇవ్వలేదో ముందుగా చెప్పాలి. చాలా సంవత్సరముల క్రిందట మన సంఘపు పిల్లవాడొకడు ఇట్లే వచ్చి అడిగితే, మంచి చేస్తున్నానని తలంచి ఒక రాత్రి కూర్చుని మొత్తము నేనే వ్రాసి ఇచ్చాను. భాష బాగుంది, సామెతలు బాగున్నవి, మొదటి మెట్టు దాటాడు. తరువాత వారు అతనిని ఫోనులో పిలిచి, వ్యాసములోని ఒక వాక్యము చదివి, "దీనిని ఇంకొంచెము వివరించండి" అన్నారు. పిల్లవాడు నోరు విప్పలేకపోయాడు. ఆ సీటు రాలేదు. అతడు నన్ను నిందించలేదు. "తాతా, అది మీ మాట. నా దగ్గర దానికి వెనుక ఏమీ లేదు" అని మాత్రము అన్నాడు. తప్పు నాది. ఆ మాట నేటికీ నాకు గుర్తున్నది.

వాక్యము ఏమి నేర్పుతున్నది

యోబు 28వ అధ్యాయము మన ఊరివారు చదివితే, మన తాతల పనిని గూర్చి ఎవరో దగ్గరనుండి చూచి వ్రాసినట్లుండును. వెండికి గని ఉన్నదనియు, మనుష్యులు చీకటిలో వెదకుదురనియు, జనులు తిరుగు చోటికి దూరముగా సొరంగము త్రవ్వి అందులో వ్రేలాడుదురనియు అక్కడ చెప్పబడినది. అంత శ్రమపడి బంగారమును పైకి తెచ్చు మనుష్యుడు జ్ఞానమును ఎక్కడ కనుగొనునని 12వ వచనములో ప్రశ్న వచ్చును. బంగారము నేల పైన పడియుండదు, దిగి వెదకవలెను. అంశము కూడ అట్టిదే.

లూకా సువార్త మొదటి నాలుగు వచనములు పరిశోధన చేయువారికి చక్కని మాదిరి. తనకంటె ముందు అనేకులు వ్రాయ పూనుకొన్నారని లూకా దాచలేదు. కన్నులార చూచినవారి యొద్దనుండి వచ్చిన సంగతులను మొదటినుండి తరచి పరిశీలించెను. వాటిని వరుసగా వ్రాసెను. ఎవరి కొరకు, ఏ ఉద్దేశముతో వ్రాయుచున్నాడో చెప్పెను. మనకు కావలసిన క్రమమంతయు ఇందులో ఉన్నది.

సామెతలు 18:17లో, వ్యాజ్యములో మొదట మాట్లాడినవాని పక్షము న్యాయముగా కనబడుననియు, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించినప్పుడు అసలు సంగతి తేలుననియు ఉన్నది. మొదట కనబడిన సమాచారమునే నమ్మవద్దని మనకు హెచ్చరిక.

మొదటి మెట్టు: అడిగినదేమిటో చదువుకొనుట

అన్ని విశ్వవిద్యాలయములు వ్యాసము అడుగవు. మన దేశములో ఎక్కువ కళాశాలలు మార్కులను బట్టియో ప్రవేశ పరీక్షను బట్టియో చేర్చుకొనును. 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయముల డిగ్రీ తరగతులకు సీయూఈటీ పరీక్ష జరుగుతున్నది. అశోక విశ్వవిద్యాలయము వంటి కొన్ని ప్రైవేటు విద్యాసంస్థలు మాత్రము దరఖాస్తులోనే వ్యాసములు అడుగును.

అమెరికాలో అనేక కళాశాలలకు కామన్ యాప్ అను ఒకే దరఖాస్తు ద్వారా పంపవచ్చును. అందులోని ముఖ్య వ్యాసము 650 మాటలకు మించరాదు. ఇంగ్లండులో డిగ్రీకి యూకాస్ ద్వారా పంపవలెను. 2026లో చేరువారినుండి అక్కడ ఒకే పెద్ద వ్యాసమునకు బదులు మూడు ప్రశ్నలు ఇస్తున్నారు: ఈ చదువు ఎందుకు కోరుచున్నావు, ఇంతవరకు చదివినది నిన్ను ఎట్లు సిద్ధపరచినది, చదువు వెలుపల ఏమి చేసి సిద్ధపడితివి అని. మూడింటికి కలిపి 4,000 అక్షరములే, మధ్య ఖాళీలు కూడ లెక్కే. పై చదువులకైతే ఉద్దేశ పత్రము అడుగుదురు. దానిలో బాల్యము తక్కువగాను, చదువబోవు విషయము ఎక్కువగాను ఉండవలెను.

ఒక దానికి వ్రాసినది ఇంకొక దానికి పనికిరాదు. ప్రశ్నను కాగితము మీద వ్రాసుకొని, అందులోని ప్రతి క్రియాపదము క్రింద గీత గీయండి. వర్ణించుమన్నారా, కారణము చెప్పుమన్నారా, నేర్చుకొన్నది చెప్పుమన్నారా? ట్రైనింగులో మాకు నేర్పిన మొదటి పాఠము ఇదే: ప్రశ్న చదువనివాడు జవాబు వ్రాయలేడు.

రెండవ మెట్టు: అంశమును ఎన్నుకొనుట

పిల్లలు సాధారణముగా రెండు వైపుల తప్పిపోవుదురు. కొందరు పెద్ద అంశము పట్టుకొందురు: ప్రపంచ శాంతి, పర్యావరణము, మన దేశ భవిష్యత్తు. వాటిని ఎవరైనను వ్రాయగలరు గనుక వ్రాసినవారు కనబడరు. మరికొందరు తమకు ఏమీ లేదనుకొందురు. "మాది గనుల ఊరు, గనులు మూసేసినారు, ఇక్కడ ఏముంది తాతా?" అందురు.

ఏమున్నదో కొంచెము చూద్దాము.

కావేరి నది మీద శివనసముద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలు లాగి 1902లో మన గనులకు విద్యుత్తు తెచ్చారు. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. ఇంజనీరింగు కోరువారికి ఇది అంశము.

ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు పోయినది. ఆ గని లోతులోనే 1965లో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థవారు, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయముల వారితో కలిసి, అంతరిక్ష కిరణములవలన వాతావరణములో పుట్టు న్యూట్రినోల జాడ కనిపెట్టారు. భౌతిక శాస్త్రము కోరువారు తమ తాత దిగిన షాఫ్టును గూర్చి తెలిసికొనకుండ ఎక్కడో అంశము వెదకనక్కరలేదు.

సైనైడు దిబ్బలు మన కన్నుల ఎదుట ఉన్నవి. రాతిని పొడిచేసి, సైనైడు ద్రావకముతో బంగారము తీసిన తరువాత మిగిలిన పొడి అది. గాలికాలములో ఇండ్లలోనికి వచ్చును. రసాయన శాస్త్రము, ప్రజారోగ్యము కోరువారికి ఇది అంశము.

భాషను చూడండి. ఇంట్లో, గుడిలో తెలుగు, బడిలో కన్నడము, వీధిలో తమిళము, అప్లికేషనులో ఇంగ్లీషు. మనము బైబిలు చదివే తెలుగు ఒకటి, అవ్వతో మాట్లాడే కోలారు తెలుగు వేరొకటి. ఒక పిల్ల ఏ మాటకు ఏ భాష వాడుచున్నదో ఒక వారము వ్రాసి పెట్టుకొనినయెడల భాషాశాస్త్రమునకు మంచి అంశము దొరుకును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూయబడిన తరువాత మన ఇండ్లలో అనేకులు మారికుప్పము రైలు ఎక్కి బెంగుళూరు పోయి పనిచేసి రాత్రికి వచ్చుచున్నారు. ఆర్థిక శాస్త్రము కోరువారికి ఆ రైలే పుస్తకము.

మన సంఘ చరిత్ర కూడ అంశమే. 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నటాలుకు పోయి, కూలి ఒప్పందము మీద అక్కడికి చేరిన తెలుగువారి మధ్య సేవ చేశారు. కియర్స్‌నీ తేయాకు తోటలో అదే సంవత్సరము తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడినది. పని వెదకుకొనుచు ఊరు విడిచిన తెలుగువారు తమతో ఏమి తీసికొని పోయిరి అను ప్రశ్న కియర్స్‌నీకి ఎంతో మారికుప్పమునకు అంతే.

అంశమును ఎన్నుకొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనండి. దీనిని గూర్చి నాకు నిజముగా తెలియగోరిక ఉన్నదా? దీనికి నేను దగ్గరగా ఉన్నానా, అనగా నడిచిపోయి చూడగలనా, అడుగగలనా? నేను చదువబోవు దానికి ఇది సంబంధించునా? మూడింటికి అవును వచ్చినదే మీ అంశము.

మూడవ మెట్టు: అంశమును ఇరుకు చేయుట

650 మాటలలో బంగారు గనుల చరిత్ర పట్టదు. రాతి పొడినుండి బంగారము తీసినట్లు అంశమును వడకట్టుచు పోవలెను.

ఉదాహరణకు, "కే.జీ.ఎఫ్. చరిత్ర" అనునది కొండ. "కే.జీ.ఎఫ్.లో విద్యుత్తు" అనునది బండ. "1902లో యంత్రములకు వచ్చిన కరెంటు మా లైను ఇండ్లకు ఏ సంవత్సరము వచ్చినది? అంతవరకు మా అవ్వ ఏ వెలుతురులో చదివినది?" ఇది చేతిలో పట్టునంత రాయి. దీనికి జవాబు అచ్చయిన పుస్తకములో దొరుకకపోవచ్చును, వీధిలో ముగ్గురు ముసలివారిని అడిగితే దొరుకవచ్చును. ప్రశ్న చిన్నదైన కొలది పని మీదగును. అంశము చివర ప్రశ్నార్థకము పెట్టగలిగితేనే అది వ్యాసమునకు సిద్ధమైనది.

నాలుగవ మెట్టు: అడిగి, వెదకి తెలిసికొనుట

యెహోషువ 4వ అధ్యాయములో యొర్దానునుండి తెచ్చిన రాళ్ళను చూచి, ఇవి ఏమిటని పిల్లలు అడుగుదురనియు, పెద్దలు చెప్పవలెననియు ఉన్నది. పిల్లలు అడుగవలెను, పెద్దలు చెప్పవలెను. మన ఇండ్లలో నేడు రెండును తగ్గినవి.

పెద్దలయొద్దకు పోవునప్పుడు నోటుపుస్తకము తీసికొని పొండి. "మీ జీవితము చెప్పండి" అనవద్దు, వారు ఏమి చెప్పుటకు తోచక ఊరకుందురు. "మొదటి రోజు షిఫ్టుకు పోయినప్పుడు టిఫిను ఎవరు కట్టినారు?" అని అడగండి. చిన్న ప్రశ్న పెద్ద తలుపు తెరచును. చెప్పినది వారి మాటలలోనే వ్రాసికొనండి. ఏ దినమున, ఎవరు, ఎక్కడ చెప్పిరో ప్రక్కన గుర్తుపెట్టండి. చివర చదివి వినిపించండి, దిద్దుదురు.

తరువాత కాగితములు. ఇంటి పెట్టెలో జీతపు చీటీలు, క్వార్టర్సు కాగితములు, ఫోటో వెనుక వ్రాతలు ఉండును. సంఘములో బాప్తిస్మపు రిజిస్టరు, వివాహ రిజిస్టరు, మినిట్సు పుస్తకము ఉండును. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరని నేడు మనము చెప్పగలుగుచున్నామంటే, ఆ దినమున ఎవరో లెక్క వ్రాసినందువలననే గదా.

గ్రంథాలయములలో బి.ఎల్. రైస్ దొరగారి మైసూరు గెజెటీరు, 1905లో అచ్చయిన కోలారు జిల్లా శాసనముల సంపుటము, గని కార్మికులను గూర్చి జానకి నాయర్ గారు 1998లో ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథము చూడవచ్చును. బెంగుళూరులో రాష్ట్ర పురాభిలేఖాలయము ఉన్నది.

వెదకునప్పుడు కొన్ని మెలకువలు కావలెను. బంగారుపేటకు పాత పేరు బౌరింగుపేట. పాత కాగితములలో ఆ పేరుతోనే దొరుకును. 1973 వరకు మన రాష్ట్రము పేరు మైసూరు. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లా అయినది గనుక, అంతకు ముందటి "కోలారు జిల్లా" లెక్కలను నేటి లెక్కలతో అట్లే పోల్చరాదు. గనులను 1880 నుండి జాన్ టేలర్ అండ్ సన్స్ వారు నడిపిరి. 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము తీసికొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడెను. తాతగారి కాగితము ఏ సంవత్సరముదో చూచినయెడల అది ఎవరి కాలములోనిదో తెలియును.

ఒక హెచ్చరిక. పరిశోధన పేరట పాత షాఫ్టుల దగ్గరకు, సైనైడు దిబ్బల మీదికి పిల్లలు పోవద్దు.

ఐదవ మెట్టు: ఇద్దరు సాక్షులు

ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద సంగతి స్థిరపడవలెనని ధర్మశాస్త్రములోను (ద్వితీయోపదేశకాండము 19:15), క్రొత్త నిబంధనలోను ఉన్నది. ఒకరు చెప్పినది, ఒక చోట చదివినది చాలదు.

మన ఊరిలో గర్వముగా చెప్పుకొను మాట ఒకటి ఉన్నది: "దేశములో మొదట కరెంటు వచ్చినది మనకే" అని. కాని డార్జిలింగు దగ్గర సిద్రపోంగులో 1897లోనే నీటి విద్యుత్తు తయారైనది. కాబట్టి "మొదట మనకే" అని వ్రాసినవాడు తెలిసినవారి చేతిలో చిక్కును. "బెంగుళూరుకంటె మూడు సంవత్సరములు ముందు, సుమారు 147 కిలోమీటర్ల దూరమునుండి" అని వ్రాసినవానిని ఎవరును కాదనలేరు. న్యూట్రినోల విషయము కూడ అంతే. అదే 1965లో దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో వేరొక బృందము కూడ వాటిని కనిపెట్టినది. ఆ మాట కలిపితే మన గొప్ప తగ్గదు, వ్రాసినవాని నమ్మకము పెరుగును.

సినిమాలను గూర్చియు చెప్పాలి. 2018లోను 2022లోను వచ్చిన కే.జీ.ఎఫ్. సినిమాలవలన మన ఊరి పేరు లోకమంతటికి తెలిసినది. అవి కల్పిత కథలు. బయటివారు వాటినే చరిత్ర అనుకొనవచ్చును, మన పిల్లలు అనుకొనరాదు.

ఒక అమ్మాయి వ్యాసము

మొదట చెప్పిన ఇద్దరిలో ఒక అమ్మాయి ప్రజారోగ్యము చదువగోరుచున్నది. ఆమెయు ఆమె అవ్వయు ఒప్పుకొన్నందున, పేర్లు లేకుండ ఈ సంగతి వ్రాస్తున్నాను.

ఆమె తెచ్చిన మొదటి వ్రాతలో గని చీకటి, పెద్ద చప్పుడు, బండ విరిగి మీద పడి తాత చనిపోవుట ఉన్నవి. చదివి, "తాత గనిలోనే పోయినాడా తల్లీ?" అని అడిగాను.

తల వంచుకొని, "లేదు తాతా. ఇంట్లోనే. దగ్గుతో. గనిలో అని వ్రాస్తే చదివేవాళ్ళకు పట్టుతుందని…" అన్నది.

కొంత భాగము కంప్యూటరులోని సాధనమును అడిగి వ్రాయించినదని కూడ తానే చెప్పినది. నేను కోపపడలేదు. "మీ తాత మరణము మీ తాతది. దానిని మార్చుటకు నీకు గాని నాకు గాని అధికారము లేదు. ఇంటికి పోయి అవ్వను అడుగు, పెట్టె చూడు" అన్నాను.

రెండు వారముల తరువాత వచ్చినది. పెట్టెలో మడతలు పడిన ఒక ఇంగ్లీషు చీటీ దొరికినదట. ఛాతీ ఎక్స్‌రేలో ధూళి రోగము కనబడినందున ఈ మనిషిని లోపలి పనినుండి తప్పించి పైన పనికి మార్చవలెనని వైద్యుని సలహా. అవ్వకు ఇంగ్లీషు రాదు. ఆ చీటీలో ఏమున్నదో తాత ఎన్నడును చెప్పలేదు. "పైన పని దొరికింది, జీతము తక్కువ" అని మాత్రము చెప్పినాడట. లైనులో కొందరు ఆయన గనికి భయపడి పైకి వచ్చినాడని ఎగతాళి చేసిరట. ఆయన ఎదురు మాట పలుకలేదు. అవ్వ కూడ అదే నిజమనుకొని ఇన్ని సంవత్సరములు మోసినది.

మనవరాలు చీటీని తెలుగులో చెప్పినప్పుడు అవ్వ కొంతసేపు మాట్లాడలేదట. తరువాత, "ఇంకొక తూరి చదువు తల్లీ" అన్నదట. రెండవ సారి చదివినాక, "భయము కాదన్నమాట" అన్నదట.

ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక సహోదరి దగ్గరకు పోయి చీటీలోని వైద్య పదములకు అర్థము తెలిసికొన్నది. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి వాటిని గట్టిపరచుననియు, ఒకసారి గట్టిపడిన భాగము తిరిగి బాగుపడదనియు, అట్టివారికి క్షయ సులభముగా పట్టుననియు చదివినది. 1940లోనే మైసూరు సంస్థానము సిలికోసిస్ రోగమునకు నష్టపరిహారపు నిబంధనలు చేసినదని కనుగొన్నది. చీటీ, అవ్వ మాట, రిటైరైన సహోదరి వివరణ, పుస్తకము: నాలుగు సాక్ష్యములు ఒకదానికొకటి సరిపోయినవి.

ఇప్పుడు ఆమె అంశము గని ప్రమాదము కాదు. "రోగి ఇంటివారు చదువలేని భాషలో వ్రాసిన చీటీ ఎవరికి వైద్యము చేయును?" అనునది ఆమె ప్రశ్న. అప్పటినుండి తమ వీధిలో ఎవరికి ఆసుపత్రి కాగితము వచ్చినను తాను చదివి వారి భాషలో చెప్పుచున్నదట. అది కూడ వ్యాసములో ఉన్నది, అది కూడ నిజమే.

"దీనికి సీటు వస్తుందా తాతా?" అని అడిగినది. "నాకు తెలియదు తల్లీ. కాని ఎవరు పిలిచి ఏ వాక్యము అడిగినా నీవు చెప్పగలవు" అన్నాను. నేను ఇది వ్రాయునాటికి ఇంకను జవాబు రాలేదు. సంఘము ప్రార్థించుచున్నది.

ఆరవ మెట్టు: వ్రాయుట, దిద్దుట

మొదటి వ్రాత తెలుగులోనే వ్రాసినను తప్పు లేదు. ఆలోచన తేటపడిన తరువాత ఇంగ్లీషులో వ్రాయండి. లూకావలె వరుసగా వ్రాయండి: ఏమి చూచితిని, ఏమి అడిగితిని, ఏమి కనుగొంటిని, దానివలన నేను ఏమి చేయగోరుచున్నాను. తాతను గూర్చిన వ్యాసము తాతతోనే ముగియరాదు. వారు చేర్చుకొనునది మిమ్మును.

బిగ్గరగా చదివి, నాలుక తడబడిన చోట దిద్దండి. పెద్దలకు చూపి అక్షర దోషములు అడుగవచ్చును, అర్థము కాని చోటు చూపుమనవచ్చును. మాటలు మాత్రము మీవే కావలెను. యంత్ర సాధనము వ్రాసినదానిని తన స్వంత వ్రాతగా పంపుట మోసమని కామన్ యాప్ వారి నియమము. యూకాస్ వారు ఒకరి వ్రాత మరొకరి వ్రాతను పోలియున్నదేమో పరీక్షించుదురు. ఎవరును పరీక్షింపకపోయినను, అబద్ధమాడకుండుట మనకు ఆజ్ఞ.

మరొక మాట. ప్రార్థన కూటములో ఒకరు కన్నీటితో చెప్పుకొన్న సంగతి మీ వ్యాసమునకు సరకు కాదు. ఇతరుల దుఃఖము వ్రాయవలెనంటే వారి అనుమతి అడగండి. వద్దంటే మానండి.

సంఘ పెద్దలకు మనవి

మన రిజిస్టర్లు చెదలు పట్టకముందే వాటిని శుభ్రపరచి, ఫోటో తీయించి ఉంచండి. గనిలో దిగినవారు ప్రతి సంవత్సరము తగ్గుచున్నారు. నెలకొక ఆదివారము సాయంకాలము ఒక వృద్ధుని కూర్చోబెట్టి యౌవనస్థులచేత ప్రశ్నలు అడిగించండి. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు, చదువురాని పెద్దల పెట్టెలలోని కాగితములను వారికి చదివి వినిపించవలెను. ఇంకెన్ని ఇండ్లలో ఇట్టి చీటీలు ఉన్నవో!

చర్చకు ప్రశ్నలు

1. లూకా 1:1–4లో పరిశోధకుడు చేయవలసిన పనులు ఎన్ని కనబడుచున్నవి?
2. మన ఊరిని గూర్చి మనము గర్వముగా చెప్పుకొను ఒక మాటను తీసికొని, దానికి ఇద్దరు సాక్షులను వెదకండి.
3. చదివేవారికి పట్టవలెనని నిజమును కొంచెము మార్చుటలో తప్పేమి? ఆ అమ్మాయి మొదటి వ్రాతే అట్లే పోయియుంటే ఆమె ఇంటికి ఏమి నష్టము కలిగియుండును?
4. పిల్లలకు సహాయము చేయుటకును, వారి పని మనమే చేయుటకును భేదమేమి? తలిదండ్రులు చెప్పండి.

అభ్యాసము: వచ్చే ఆదివారములోగా మీ ఇంటిలోని అందరికంటె పెద్దవారిని ఒక చిన్న ప్రశ్న అడిగి, వారి జవాబును వారి మాటలలోనే ఒక పేజీ వ్రాసి తీసికొని రండి.

చీకటిలో దాగిన వాటిని వెలుగులోనికి తెచ్చు దేవుడు మన బిడ్డల చదువులను ఆశీర్వదించును గాక. ఆమేన్.

మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద,
రాబర్ట్‌సన్‌పేట, కే.జీ.ఎఫ్.